పసుపు పెట్టిన ఇనుము

సోమలింగం తుపాకి గురించి ఆ సొసైటీలో తెలియని వాళ్లు లేరు. సూరత్ పక్కన వడోద్‌లో మరమగ్గాల సాంచల మీద బట్ట నేసి బతికే తెలుగు కుటుంబాలుండే బిల్డింగు అది. పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని, పొడుగాటి గుడ్డ సంచీ భుజానికి తగిలించుకుని ఆయన మెట్లు దిగుతుంటే పిల్లలు గోడకు అంటుకుని దారి ఇచ్చేవాళ్లు.

"తాతా, ఇది పేలుతదా?"

"పేలకుంట చూసుకునుడే నా డ్యూటీ బిడ్డా," అనేవాడాయన.

మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. సొంతూరు సిరిసిల్ల దగ్గర. సూరత్‌లో బంగారం కుదువ పెట్టుకునే ఒక ఆఫీసు గుమ్మం ముందు ఆ రెండు గొట్టాల తుపాకితో నిలబడటం ఆయన కొలువు. తుపాకి ఆయనదే, లైసెన్సూ ఆయన పేరు మీదే. అది ఉంటేనే కొలువు. లేకపోతే ఆయన కూడా గేటు పక్క కుర్చీ వేసుకుని కూర్చునే ముసలివాళ్లలో ఒకడు.

ఎదురింటి కరుణకు మాత్రం ఆ సంచీ అంటే గిట్టదు.

కరుణ కరీంనగర్‌లో డిగ్రీ చదివి, పెళ్లయ్యాక సూరత్ వచ్చింది. కంటితో చూడనిదే ఏదీ నమ్మదు. పాలవాడు పోసిన పాలు తన గిన్నెతో మళ్లీ కొలుస్తుంది. కిరాణా కొట్టువాడు పప్పు తూస్తుంటే కళ్లు ముల్లు మీదే ఉంచుతుంది. "మా కోడలు దేవుణ్ణి గూడ ఆధార్ కార్డు అడుగుతది," అని అత్త నర్సవ్వ నలుగురిలో నవ్వేది. ఆ మాటలో ఎంత ఎగతాళి ఉందో అంత గర్వమూ ఉండేది. కరుణకూ అది మెచ్చుకోలుగానే వినిపించేది.

లాక్‌డౌన్ వచ్చింది. పగలూ రాత్రీ టకటకలాడే సాంచలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ చప్పుడుకు అలవాటుపడ్డ చెవులకు నిశ్శబ్దంలో నిద్ర పట్టలేదు. ఒడియా పనివాళ్లు, యూపీ పనివాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని స్టేషన్ల వైపు నడిచారు. బంగారం ఆఫీసు మూతబడటంతో సోమలింగం తుపాకితో సహా ఇంట్లో కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక వెలుతురు కోసం వరండాలో చాప వేసుకుని, తుపాకి విప్పి, నూనె గుడ్డతో గొట్టాలు తుడుచుకునేవాడు. పిల్లలు చుట్టూ చేరేవాళ్లు. కరుణ తలుపు సందులోంచి చూసి పళ్లు కొరుక్కునేది.

ఆ రోజుల్లోనే సూరత్ శివారు సచిన్‌లో కరుణ భర్త రవీంద్ర నడిపే షెడ్డులో దొంగలు పడ్డారు. సాంచల మోటార్లు విప్పుకుపోయారు. లోపలి రాగి తీగ కోసం కాబోలు. రవీంద్ర వారం రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం ఎక్కడికో వెళ్లొచ్చి, మొహం కడుక్కుంటూ, "ఒక బందోబస్తు చేసిన. ఇగ ఎవడస్తడో చూస్త," అన్నాడు.

ఏం బందోబస్తు అని కరుణ అడగలేదు. "సబ్బుతోని కడిగినవా చేతులు?" అని అడిగింది. షెడ్డు మూసేముందు అతను ఇంటికి తెచ్చిన సామాను రేకు డబ్బా ఒకటి మంచం కిందికి చేరింది. పానాలు, బోల్టులు, నూలు ఆడించే అరిగిన నాడెలు, ఏవేవో ఇనుప ముక్కలు. వారానికోసారి ఇంట్లో ప్రతి డబ్బా దించి తుడిచే కరుణ దాన్ని మాత్రం కదపలేదు. రవీంద్ర వద్దన్నాడు. వద్దన్నప్పుడు అతని గొంతు మారింది. ఆ మారిన గొంతును ఆమె గుర్తుపట్టింది. గుర్తుపట్టి ఊరుకుంది.

వానాకాలంలో ఠాణా నుంచి ఒక హవల్దారు వచ్చాడు. సోమలింగం లైసెన్సు గడువు తీరుతోంది. మళ్లీ ఇవ్వాలంటే ఇరుగుపొరుగును విచారించాలట. మాస్కు గడ్డం కిందికి లాక్కుని కరుణ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"బెన్, ఆద్మీ కైసా హై?"

కరుణ హిందీలో ఒక్కో మాటా తూచి చెప్పింది. మనిషి మంచివాడే. తాగడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. కానీ పిల్లలు తిరిగే చోట తుపాకి విప్పుతాడు. ఇంట్లో దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేస్తాడో లేదో తాను చూడలేదు.

"అంటే తాళం వెయ్యడంటావా?"

"వెయ్యడని అనలేదు. చూడలేదన్నాను."

అంత సన్నని తేడాతో హవల్దారుకు పని లేదు. తల ఊపి రాసుకుని వెళ్లిపోయాడు. కరుణ లోపలికి వచ్చేసరికి రవీంద్ర తలుపు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మెడ నిండా చెమట.

"పోలీసాయన దేనికొచ్చిండు?"

"సోమలింగం కాక తుపాకి గురించి."

"గంతేనా?"

"గంతే. నీకేమైంది, జరమొచ్చిందా?" అని ఆమె అతని నుదురు తాకి చూసింది.

లైసెన్సు సంగతి తేలేదాకా తుపాకి ఠాణాలో జమ చెయ్యమన్నారు. సోమలింగం సంచీ భుజాన వేసుకుని వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. కరుణ ఏం చెప్పిందో ఆయనకు తెలిసిపోయింది. అలాంటివి ఆ బిల్డింగులో దాగవు. మెట్ల మీద ఎదురుపడితే ఆమె తల దించుకోబోయింది. ఆయనే ఆగాడు.

"అడిగితే చూసింది చెప్పుడే గదా బిడ్డా. నువ్వు తప్పు చెప్పలే," అన్నాడు.

తిట్టినా బాగుండేది. కరుణ ఆ సాయంత్రం కూర రెండుసార్లు మాడ్చింది.

ఆఫీసులు తెరిచాక బంగారం కంపెనీ వాళ్లు తుపాకి లేని కావలివాణ్ణి ఏం చేసుకుంటామన్నారు. ఒక బట్టల మార్కెట్ గేటు దగ్గర ఆయనకు వేరే పని దొరికింది. వచ్చేపోయేవాళ్ల నుదుటికి తెల్లటి ప్లాస్టిక్ జ్వరం తుపాకి గురిపెట్టి, అంకె చూసి లోపలికి వదలడం. బ్యాటరీ మార్చుకోవడానికి దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. సొసైటీ సెక్రటరీ పరుశురాంకు నోరు ఊరుకోదు.

"ఏం కాకా, దీనికి లైసెన్సు అక్కర లేదా? గీ తుపాకికి గూడ కరుణమ్మ సాక్ష్యం చెప్పాల్నా ఏంది?"

"అక్కర లేదు సేఠ్. ఇది ఎవ్వరిని సంపదు," అన్నాడు సోమలింగం, పరుశురాం నుదుటికి దాన్ని గురిపెట్టి. "నీకైతే నోట్లెనే ఉంది జరం."

అందరూ నవ్వారు. పైన బట్టలారేస్తున్న కరుణ తడి చీరను మొహానికి అడ్డం పెట్టుకుంది.

దసరా వచ్చింది. ఆ ఏడు సూరత్‌లో గర్బా లేదు, పందిళ్లు లేవు. కానీ ఆయుధ పూజ మానడానికి నర్సవ్వలాంటి వాళ్లు ఒప్పుకోలేదు. నేతపనివాళ్ల ఇళ్లల్లో అది మానే పండుగ కాదు. బిల్డింగు కింద స్కూటర్లు పెట్టుకునే చోట నేల కడిగి, ముగ్గేసి, అమ్మవారి పటం ముందు ఎవరు దేనితో బతుకుతారో అది తెచ్చి పెడతారు. నాడెలు, నూలు కండెలు, కత్తెరలు, కుట్టుమిషను, ఆటో తాళాలు. ఒక్క పనిముట్టును మరిచినా అది అలుగుతుందని నర్సవ్వ నమ్మకం. ఒకసారి పూజలో పెట్టాక సాయంత్రం జమ్మికి మొక్కేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ ఇనుము ఏడాదంతా ఎదురు తిరుగుతుందంటారు.

ఏటా పటానికి కుడిపక్కన ఎర్రగుడ్డ పరిచి సోమలింగం తుపాకి పెట్టేవాళ్లు. అది ఆ సొసైటీ మర్యాద. ఈ ఏడు ఆ గుడ్డ పరవాలా వద్దా అని పరుశురాం తటపటాయిస్తుంటే, సోమలింగమే వచ్చి పరిచి, దాని మీద జ్వరం తుపాకి పెట్టి, తెల్లటి ప్లాస్టిక్ మీద కుంకుమ బొట్టు పెట్టాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఏటా తుపాకికి ఎలా దణ్ణం పెట్టుకునేవాడో అలాగే కళ్లు మూసుకుని, చెయ్యెత్తి దణ్ణం పెట్టుకున్నాడు.

కరుణకు కాళ్ల కింద నేల చల్లగా తగిలింది. తన మాట ఒకటి ఒక మనిషి కొలువును ఆటబొమ్మగా మార్చింది. అది ఆ ఎర్రగుడ్డ మీద అందరికీ కనిపించేలా కూర్చుంది.

ఆ క్షణంలోనే నర్సవ్వ పళ్లెంతో వచ్చింది. ముసలామెకు ఒక కంట్లో పొర. కరోనా వల్ల ఆపరేషను వాయిదా పడింది. ఆపరేషను ఆగినా, పండుగ పూట పని మాత్రం ఆగదు. పొద్దున్నే లేచి ఇంట్లో ఇనుమన్నదల్లా ఏరి, కడిగి, పసుపు రాసింది. కత్తిపీట, పట్టకారు, కత్తెర. మంచం కింద రేకు డబ్బా లాగి అందులోవి కూడా. పళ్లెం తెచ్చి జ్వరం తుపాకి పక్కనే దించింది.

కరుణ ఆ పళ్లెంలో చూసింది.

పానాలకూ అరిగిన నాడెలకూ మధ్య ఒక పొట్టి ఇనుప గొట్టం, కర్ర పిడి, కింద వేలు పెట్టే వంకీ. పసుపు రాసి, మూడు చోట్ల కుంకుమ పెట్టి ఉంది. నాటు పిస్తోలు. సినిమాల్లోనూ, పోలీసులు పట్టుకున్న సామాను ముందు నిలబడి దిగే ఫోటోల్లోనూ తప్ప ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు. అయినా గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. భర్త వైపు చూసింది. మాస్కు పైన రవీంద్ర కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి నేల మీద ఉన్నాయి.

ఇదీ ఆ బందోబస్తు.

పంతులు మంత్రం మొదలుపెట్టాడు. అందరి ముందూ చెయ్యి చాచి దాన్ని తీస్తే ఎందుకని అడుగుతారు. పూజలో పెట్టినది తీసిందని నర్సవ్వ గోల చేస్తుంది. నలుగురూ చూస్తారు. కరుణ ముందుకు వంగి, దోసెడు బంతిపూలు ఎక్కువ భక్తితో తెచ్చినట్టుగా తెచ్చి, ఆ పళ్లెం మీద పోసింది. గొట్టం మూసుకుపోయింది. తిరిగి వచ్చి తన చోట నిలబడి చేతులు జోడించింది. పిల్లలున్న చోట తుపాకి ఉండకూడదని చెప్పిన నోరు మాస్కు కింద గట్టిగా మూసుకుని ఉంది. హారతి అయ్యేదాకా గడిస్తే చాలు, తర్వాత చూసుకోవచ్చు అనుకుంది.

హారతి అయింది. పెద్దవాళ్లు ప్రసాదం దగ్గర గుమిగూడారు. పరుశురాం మనవరాలు ప్రసన్నకు బడి లేక ఆరేడు నెలలైంది. సోమలింగం తాత గేటు దగ్గర చేసే పని ఆ పిల్లకు ఇష్టమైన ఆట. పూల కుప్ప పక్కకు జారి, కర్ర పిడి బయటికి కనిపించింది. ఇంకో తుపాకి! ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఎదురుగా నిలబడ్డ తమ్ముడి నుదుటికి ఆనించింది.

"ఆగు. జరముందో లేదో చూడాలె. మాస్కు మంచిగ పెట్టుకో."

కరుణ అరవాలనుకుంది. ఆలోపే సోమలింగం ప్రసాదం ఆకు జారవిడిచి, అరవకుండా, పరుగెత్తకుండా, పిల్ల వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అరే, డ్యూటీ మంచిగ చేస్తున్నవ్ బిడ్డా. ఏదీ, నాకియ్యి, బ్యాటరీ అయిపోయినట్టుంది," అంటూ తన చెయ్యి పిల్ల చేతి మీద వేసి, మెల్లగా గొట్టాన్ని నేల వైపు తిప్పాడు. పిల్ల వేళ్లు విడిపించాడు. గొట్టాన్ని కిందికి వంచి తెరిచి, అరచేతిలో దులిపాడు. ఒక తూటా పడింది.

పసుపంటిన అరచేతిలో తూటా. అందరూ చూశారు.

పిల్ల తల్లి ఏడుపు అందుకున్నాక గానీ మిగిలిన వాళ్లకు ఏం జరగబోయిందో అర్థం కాలేదు.

"ఎవనిదిరా ఇది?" పరుశురాం కేక పెట్టాడు. "ఎవడు తెచ్చి పెట్టిండు దేవుని ముంగట?"

"మాదే కొడుకా," అంది నర్సవ్వ, ఏమీ తెలియక. "మా రవి డబ్బల ఉండె. సాంచ సామాను కాదా అది? ఎందుకట్ల ఒర్రుతవ్?"

వెనక నుంచి అదే బిల్డింగులో ఉండే భాగీరథి అన్న మాట స్పష్టంగా వినిపించింది. "ఊరందరికి శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డదట."

ఆ మాట ఎవరికో కరుణకు తెలుసు. తల ఎత్తలేదు. కానీ భాగీరథికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ పూలు తను ఎందుకు పోసిందో ఎవరూ గమనించలేదనుకుంది. పిల్ల కంటే ముందు తను దాన్ని చూసిందని ఎవరికీ తెలియదు. ఒక్కసారి ఆమె కళ్లెత్తితే సోమలింగం తన వంకే చూస్తున్నాడు. ఆయన చూశాడు. పూలు పోసేటప్పుడు ఎర్రగుడ్డ పక్కనే కూర్చున్న మనిషి ఆయన. భక్తి ఎక్కువైందనుకున్నాడో ఏమో అప్పుడు. ఇప్పుడు అర్థమైంది.

పెద్దవాళ్లు పక్కకు చేరారు. ఠాణాలో ఇచ్చెయ్యాలని సోమలింగం అన్నాడు. సొసైటీ మొత్తానికి బద్నామవుతుందని, తెలుగోళ్లంటే ఇలాగే అంటారని, రవీంద్రను జైల్లో వేస్తారని మిగిలినవాళ్లన్నారు. రవీంద్ర ఏడ్చినంత పని చేశాడు. "ఖాడీ కాలువల పారేస్త కాకా, నీ కాళ్లు మొక్కుత. దొంగల భయానికి తెచ్చిన. ఎవ్వరి మీద ఎత్తనీకె కాదు."

"నాదానికి నంబరున్నది రవీ," అన్నాడు సోమలింగం. "అది యాడున్నదని సర్కారు అడుగుతది, కంపెనీ అడుగుతది, ఆఖరికి నీ భార్య అడుగుతది. దీన్ని ఎవరడగాలె?"

"నంబరున్నదానితోని ఏం ఫాయిదా అయింది కాకా?" పరుశురాం అడ్డొచ్చాడు. "నంబరున్నది పోయి ఠాణాల పడ్డది. లేనిది వచ్చి పూజల కూసున్నది. ఇమాందారోణ్ణే పట్టుకుంటది గీ కానూను."

సోమలింగం చేతిలోని ఇనుమును చూసుకున్నాడు. "దీన్ని ఇంత సేపు పట్టుకున్నందుకే నా లైసెన్సు పోతది," అని దాన్ని రవీంద్ర చేతిలో పెట్టి, తూటాను మాత్రం గుప్పిట్లో ఉంచుకుని, పైకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం చిన్నవాళ్లంతా పెద్దవాళ్ల చేతుల్లో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కుతుంటే, కరుణ ఆకు పట్టుకుని ఎదురింటి తలుపు దాకా వెళ్లి, తట్టకుండా తిరిగొచ్చింది.

మర్నాడు రవీంద్ర, "పని అయిపోయింది, ఖాడీల ఏసిన," అన్నాడు. పాలను మళ్లీ కొలిచే కరుణ ఆ మాటను కొలవలేదు. చూడని దాన్ని నమ్మింది. నమ్మడం హాయిగా ఉంది కాబట్టి నమ్మింది.

పండుగ వెళ్లాక ఆమె ఒక్కతే ఠాణాకు పోయింది. సోమలింగం గురించి తను చెప్పింది సరిగా లేదని, ఆయన తుపాకి విషయంలో చాలా జాగ్రత్త మనిషని చెప్పింది. అదే హవల్దారు ఆశ్చర్యంగా చూశాడు.

"అప్పుడు తాళం చూడలేదన్నావు. ఇప్పుడు చూశావా?"

"చూడలేదు. కానీ ఆయన ఎలాంటివాడో చూశాను."

"బెన్, జనం కనిపించే తుపాకికే భయపడతారు," అని నవ్వి, రాసుకుంటూ అలవాటుగా అడిగాడు. "మీ సొసైటీలో ఇంకెవరి దగ్గరైనా ఆయుధం ఉందా? లైసెన్సు లేనిది?"

గోడకు తగిలించిన ఫ్యాను తిరుగుతోంది. కరుణ దాని వైపు చూసి, "లేదు," అంది.

లైసెన్సు వచ్చింది. తుపాకి ఇంటికొచ్చింది. బంగారం కంపెనీ వాళ్లు మళ్లీ పిలిచారు. మొదటి సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి సోమలింగం ఎదురింటి తలుపు కొట్టాడు.

"ఇటు చూడు బిడ్డా."

తన తలుపు బార్లా తెరిచి, సంచీలోంచి తుపాకి తీసి, గొట్టాలు వంచి తెరిచి ఖాళీగా ఉన్నాయని చూపించి, ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళం పట్టుకుని లాగాడు. అది గలగలమంది. "చూసినవు గదా," అని తలుపు మూసుకున్నాడు.

ఆ తర్వాత రోజూ అంతే. పొయ్యి మీద ఏమున్నా, ఆ గలగల వినగానే కరుణ గుమ్మంలోకి వచ్చి నిలబడాల్సి వచ్చేది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచే మనిషి మొహం అలా ఉండదు. ఆమె చూడలేదంది, ఆయన చూపిస్తున్నాడు. అంతే. వాన రోజున తడిసి వచ్చినా, దగ్గుతో పడుకోబోతూ కూడా, ముందు ఆ తాళం చూపించేవాడు. ఒక సాయంత్రం ఆమెకు తట్టుకోవడం కష్టమైంది.

"చాలు కాకా. ఇగ నాకు చూపియ్యకు. నీ కాళ్లు మొక్కుత."

"ఎందుకు బిడ్డా? నువ్వు అడిగినంక నాకు గూడ మంచిగున్నది. ముసలోణ్ణి, మతిమరుపొస్తున్నది. అడిగేటోళ్లు ఒకళ్లుండాలె."

ఆమె లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది. మంచం కింద రేకు డబ్బా ఉంది. దాని మూత ఎప్పుడో తీసి చూసింది. పిస్తోలు అందులో లేదు. అందులో లేకపోవడమొక్కటే ఆమెకు తెలుసు.

శీతాకాలం చివర కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. లైసెన్సు ఉన్న వాళ్లంతా ఎన్నికలు ముగిసేదాకా తుపాకులు ఠాణాలో జమ చెయ్యాలని హుకుం. సోమలింగం కొలువు మళ్లీ కొన్నాళ్లు ఆగింది. ఆ పొద్దున ఆయన ఎదురింటి వరండాలో తుపాకిని గుడ్డ సంచీలోకి దూరుస్తుంటే, కిటికీలోంచి చూస్తూ రవీంద్ర చాయ్ తాగుతున్నాడు.

"పాపం, మళ్ల గుంజుకుంటున్నరు," అన్నాడు. "దొంగలు పోయి జమ చేస్తరా? అన్ని గిట్లనే."

కరుణ చేతిలోని చాటను పక్కన పెట్టింది. పరుశురాం పూజనాడన్నదీ ఇదే మాట. అబద్ధం కాదది. కానీ ఆ మాట అనడానికి తమ ఇంటికి మొహం ఉందా?

"ఏ ఖాడీల ఏసినవ్?"

"ఏంది?"

"ఏ ఖాడీల ఏసినవ్ దాన్ని? చూపియ్యి. ఇప్పుడే పోదాం."

రవీంద్ర కప్పులోకి చూశాడు. "గిప్పుడెందుకది?"

"అడుగుతున్న. అప్పుడే అడగాలె. బందోబస్తన్ననాడే అడగాలె. అడగలే."

కప్పు కిటికీ మీద పెట్టి అతనన్నాడు. "పారెయ్యలే. షెడ్డుల ఉన్నది. నూలు డబ్బల వెనుక." తర్వాత గొంతు పెంచాడు. "మల్ల దొంగలొస్తే? నువ్వొస్తవా కాపలాకు? ఠాణాకు పోతే నన్ను లోపలేస్తరు. తెలుసా నీకు?"

తెలుసు. పూజనాటి నుంచీ తెలుసు. ఆ భయమే ఆమె నోరు మూయించింది, పూలు పోయించింది, ఫ్యాను వైపు చూస్తూ లేదనిపించింది. ప్రసన్న ఆ పసిచేతులతో ఎత్తి పట్టుకున్నది కళ్ల ముందు కదిలింది. షెడ్డు మళ్లీ నడుస్తోంది. పనివాళ్ల పెళ్లాం పిల్లలు కండెలు చుట్టడానికి అక్కడికే వస్తారు.

మూలన కూర్చున్న నర్సవ్వ అప్పుడు నోరు విప్పింది. "నా చేతుల్తోని పసుపు పెట్టిచ్చినవ్ గదరా దానికి. కండ్లు లేని ముండను, సాంచ సామాననుకుంటి. ఆ పోరని తల పగిలితే ఆ పాపం ఎవరిది? నాదే గదా?" ముసలామె చేతులను చీర కొంగుతో తుడుచుకుంది. ఇంకా వాటికి ఏదో అంటి ఉన్నట్టు. "పో కొడుకా. నీ పెండ్లాం ఎనుక పో."

కరుణ వరండాలోకి వచ్చేసరికి సోమలింగం మెట్ల దగ్గరికి చేరాడు.

"కాకా, ఆగు."

ఆయన ఆగాడు.

"అది ఇంకా ఉన్నది," అంది. "పారెయ్యలే. షెడ్డుల పెట్టిండు. నేను అడగలే. ఠాణాల అడిగితే గూడ లేదని చెప్పిన. ఆనాడు పూలు గూడ..."

"తెలుసు బిడ్డా."

ఆ రెండు మాటలకు ఆమెకు అర్థమైంది. ఇన్ని సాయంత్రాలూ ఆయన ఆ తాళం చూపించింది అన్నీ తెలిసే.

సోమలింగం సంచీ భుజం మార్చుకున్నాడు. "దాన్ని ఎవ్వరు ముట్టకుర్రి. యాడున్నదో చెప్దాం, వాళ్లే వచ్చి తీస్తరు. వకీలును గూడ ఒకసారి అడుగుదాం. తనంతట తాను పోయి చెప్పినోనికి ఎంతో కొంత తేడా ఉంటదంటరు. నాకు గట్టిగ తెల్వదు." ఆయన కొంచెం ఆగాడు. "పూజనాడు దాన్ని మల్ల మీ చేతుల పెట్టింది నేనే. నేను గూడ చెప్పుకోవాలె. నా లైసెన్సు ఏమైతదో చూద్దాం."

"వద్దు కాకా, నీ పేరు రానియ్యం."

"మల్ల దాసుడేనా బిడ్డా?"

వెనక చెప్పుల చప్పుడైంది. రవీంద్ర చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మాస్కు పైకి లాక్కున్నాడు.

ముగ్గురూ మెట్లు దిగారు. ముందు సోమలింగం, వెనక రవీంద్ర, అందరికంటే వెనక కరుణ. కింద పిల్లలు ఆట ఆపి గోడకు అంటుకున్నారు. ప్రసన్న చప్పట్లు కొట్టి, "తాత తుపాకి, తాత తుపాకి!" అని అరిచింది. పరుశురాం స్కూటర్ తుడుస్తూ తలెత్తాడు.

"కాకా, మల్ల జమ చెయ్యబోతున్నవా? ఎంత మంచోనివయ్యా. నీ అసొంటోళ్లు ఉంటె పోలీసోళ్లకు పనే ఉండదు."

అందరి కళ్లూ ఆ పొడుగాటి సంచీ మీదే ఉన్నాయి. కరుణ వైపు ఎవరూ చూడలేదు. ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి. గేటు దాటేదాకా వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.